డబ్బా మీద "నైట్ విజన్" అని ఉంటే కస్టమ్స్ కోడ్ 8525 83 లోనే వేయాలా? సరుకు ఆగిపోయింది

కోఠి_కెమెరాలు
షెంజెన్ నుంచి తెప్పించిన 60 ట్రైల్ కెమెరాలు, 4 మోనోక్యులర్లు (ఒంటికన్నుతో చూసే దూరదర్శినులు) పదకొండు రోజులుగా శంషాబాద్‌లో కూర్చున్నాయి. ట్రైల్ కెమెరా అంటే తెలియని వాళ్లకి: చెట్టుకి బెల్టుతో కట్టేసి వచ్చేస్తాం, ఎదురుగా ఏదైనా కదిలితే అదే ఫోటో తీసుకుంటుంది, చీకట్లో కూడా. షాద్‌నగర్, కల్వకుర్తి వైపు పల్లీ, మొక్కజొన్న వేసే రైతులు అడవిపందుల కోసం, ఫామ్‌హౌసుల వాళ్లు మోటారు దొంగల కోసం నా దగ్గర కొంటుంటారు. ఇన్నాళ్లూ ఢిల్లీ హోల్‌సేల్ నుంచి కొనేవాణ్ణి, ఈసారి నేరుగా తెప్పించా, మొదటిసారి.

మా సీహెచ్‌ఏ (కస్టమ్స్ కాగితాల పని చేసిపెట్టే ఏజెంట్) మొత్తం ఒకే లైన్లో "నైట్ విజన్ కెమెరాలు, 64" అని రాసి 8525 89 00 వేశాడు. కస్టమ్స్ నుంచి క్వెరీ వచ్చింది. వివరణలో నైట్ విజన్ అని మీరే రాశారు, టారిఫ్‌లో (సుంకాల పట్టికలో) నైట్ విజన్‌కి 8525 83 అని విడిగా ఉంది, 89 ఎందుకు వేశారో చెప్పండి, ఎండ్ యూజర్ ఎవరో కూడా చెప్పండి అని. ఎండ్ యూజర్ దగ్గర ఏం రాయాలి, అడవిపంది అనా?

83కి మార్చేద్దాం, గొడవ వదిలిపోతుంది అంటున్నాడు సీహెచ్‌ఏ. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎందుకు ఒప్పడం లేదో నాకే చెప్పడం రావడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఇరానీచాయ్_రెండు
పంది ఫోటోలో పడేది, వాడేది కాదు. రైతు అని రాయి.

హోల్‌సేల్_బాబూరావు
83 వేసి డ్యూటీ కట్టి తెచ్చుకో. పదకొండు రోజుల డెమరేజ్ (సరుకు ఆగినందుకు కట్టే అద్దె) ఎంతయిందో లెక్క వేశావా? కోడ్ ఏదైతే ఏంటి, కెమెరా కెమెరానే. నేను పదిహేనేళ్లుగా చేస్తున్నా, ఆఫీసర్‌తో వాదించి బాగుపడ్డవాణ్ణి చూడలేదు.

సుంకరి_మనవడు
బాబూరావు గారూ, ఆ సలహా మాత్రం వద్దు. కారణం చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

2022 జనవరి 1 కి ముందు ఈ కెమెరాలన్నీ 8525 80 లో కలిసి ఉండేవి. టీవీ కెమెరా, డిజిటల్ కెమెరా, వీడియో రికార్డర్ అన్నీ ఒకే గంపలో. ఆ రోజు నుంచి ప్రపంచమంతా హెచ్‌ఎస్ 2022 (సరుకుల కోడ్‌ల అంతర్జాతీయ పట్టిక కొత్త రూపం) అమల్లోకి వచ్చింది, మన దగ్గర కూడా అదే రోజు మారింది. గంపని నాలుగు చేశారు. 81 హైస్పీడ్, 82 రేడియేషన్ తట్టుకునేవి, 83 నైట్ విజన్, 89 మిగతా అన్నీ. ఎందుకు విడదీశారంటే ఈ మూడు రకాలూ సైనిక అవసరాలకి కూడా పనికొచ్చేవి, ఎవరు ఎవరికి అమ్ముతున్నారో లెక్క తెలియాలని.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మూడు పేర్లూ ఊరికే పేర్లు కావు. 85వ అధ్యాయానికి సబ్‌హెడింగ్ నోట్లు ఉన్నాయి, ఒక్కో పేరుకి ఒక్కో నిర్వచనం. నైట్ విజన్‌ది మూడో నోటు. అందులో ఉన్నదాన్ని మన మాటల్లో చెప్పాలంటే: అక్కడున్న కాస్త వెలుతురుని ఫోటోక్యాథోడ్ ద్వారా ఎలక్ట్రాన్లుగా మార్చి, వాటిని పెంచి, మళ్లీ కంటికి కనపడే బొమ్మగా తిప్పే కెమెరాలు మాత్రమే 83. "మాత్రమే" అన్న మాట నోట్‌లోనే ఉంది. థర్మల్ కెమెరాలు ఇందులోకి రావు, అవి సాధారణంగా 89కే పోతాయని కూడా అదే నోట్‌లో రాసేశారు.

నీ ట్రైల్ కెమెరాలో ఫోటోక్యాథోడ్ ఉందా? అదొక్కటి చెప్పు, మిగతాది తర్వాత.

కోఠి_కెమెరాలు
ఫోటోక్యాథోడ్ అంటే ఏంటో తెలిస్తే కదా ఉందో లేదో చెప్పడానికి. ముందు వైపు నల్ల అద్దం వెనక చిన్న చిన్న ఎల్‌ఈడీలు వరసగా ఉంటాయి, స్పెసిఫికేషన్‌లో 940 నానోమీటర్లు అని ఉంది. సెన్సర్ (బొమ్మ పట్టే చిప్) సీమాస్ అని రాశారు.

ఫోటాన్_పద్మ
అయితే లేదు. ఖాయంగా లేదు.

మీ కెమెరా చీకటిని చూడడం లేదు, టార్చ్ వేసుకుని చూస్తోంది. ఆ టార్చ్ వెలుతురు మన కంటికి కనపడదు, సీమాస్ సెన్సర్‌కి కనపడుతుంది, అంతే తేడా. అందుకే రాత్రి ఫోటోలు నలుపు తెలుపులో వస్తాయి. ఇంట్లో సీసీటీవీకి కూడా ఇదే పద్ధతి. 850 అయితే దగ్గరికెళ్లి చూస్తే ఎల్‌ఈడీలు మసక ఎర్రగా కనిపిస్తాయి, 940 అయితే అదీ కనపడదు. గది చీకటి చేసి ఫోన్ సెల్ఫీ కెమెరాలో ఆ ఎల్‌ఈడీల వైపు చూడండి, చాలా ఫోన్లలో ఊదారంగు చుక్కలు వెలుగుతూ కనిపిస్తాయి. టీవీ రిమోట్ బటన్ నొక్కినా అంతే.

ఫోటోక్యాథోడ్ పద్ధతి వేరు. గాలి తీసేసిన గాజు గొట్టం, ముందు భాగంలో లోపల సన్నటి పూత. నక్షత్రాల వెలుతురు దాని మీద పడితే ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయి. మంచి రకాల్లో మధ్యలో మైక్రోఛానెల్ ప్లేట్ అని ఒక పలక ఉంటుంది, దానికి లక్షల సన్న రంధ్రాలు. ఒక ఎలక్ట్రాన్ రంధ్రంలోకి దూరి గోడలకి తగులుతూ పోతే అటు నుంచి వేలల్లో బయటికొస్తాయి. చివర ఫాస్ఫర్ తెర, దాని మీద ఆకుపచ్చ బొమ్మ. టీవీలో కమాండోలు పెట్టుకునేవి చూసి ఉంటారు కదా, అదే.

హోల్‌సేల్_బాబూరావు
ఇదంతా ల్యాబ్‌లో బాగుంటుంది తల్లీ. బజార్లో ఎవణ్ణడిగినా దాన్ని నైట్ విజన్ కెమెరా అనే అంటాడు. సరుకుని బజారు ఏ పేరుతో పిలుస్తుందో అదే వర్గం అని కోర్టులు ఎన్నిసార్లు చెప్పలేదు? అమ్మేవాడు నైట్ విజన్ అంటాడు, కొనేవాడు నైట్ విజన్ అంటాడు, మధ్యలో మనం కాదంటే ఒప్పుకుంటారా.

సుంకరి_మనవడు
బజారు భాష పరీక్ష ఉంది, కాదనను. కానీ అది చట్టంలో నిర్వచనం లేనప్పుడు. నిర్వచనం ఇచ్చేశాక బజారుని అడిగే పని లేదు. టారిఫ్ చదివే పద్ధతికి రూల్స్ ఉన్నాయి, రూల్ 1 ప్రకారం హెడింగ్ మాటలు, సెక్షన్ నోట్లు, చాప్టర్ నోట్లు చూడాలి. సబ్‌హెడింగుల మధ్య తేల్చుకోవడానికి రూల్ 6, అందులో సబ్‌హెడింగ్ నోట్లు ముందు. డబ్బా మీద ఏం ముద్రించారన్నది వీటిలో ఎక్కడా లేదు. "ఆయుర్వేద" అని రాసిన సబ్బులన్నీ మందులు అయిపోవు కదా.

ఇరానీచాయ్_రెండు
డబల్ కా మీఠాలో డబల్ ఏముంది అని అడిగినట్టుంది.

దస్తావేజు_దాసు
నేను సీహెచ్‌ఏనే. అందరూ సీహెచ్‌ఏని తిట్టబోతున్నారని అర్థమైంది కాబట్టి ముందే చెప్తున్నా. ఇన్వాయిస్‌లో "నైట్ విజన్ కెమెరా" అని ఉంటే మేం బిల్ ఆఫ్ ఎంట్రీలో (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రంలో) "పల్లీ చేను కెమెరా" అని రాయలేం. పార్టీ క్యాటలాగ్ ఇవ్వడు, ఫోన్ చేస్తే "అదే అన్నా, రాత్రి కనపడేది" అంటాడు, ఫ్లైట్ దిగే రోజు సాయంత్రం వాట్సాప్‌లో మసక పీడీఎఫ్ పంపుతాడు. మీ సీహెచ్‌ఏ 89 వేశాడంటే కోడ్ సరిగ్గానే వేశాడు. చెడింది వివరణ దగ్గర.

ఇంకొకటి, ఇప్పుడు మదింపు ఫేస్‌లెస్. 2020 నుంచి దేశమంతా ఇదే. మీ సరుకు శంషాబాద్‌లో ఉన్నా ఫైల్ చూసే ఆఫీసర్ ఇంకే ఊళ్లోనో ఉంటాడు. ఆయన ముందున్నది తెర మీద మూడు పదాలు. నైట్, విజన్, కెమెరా. టారిఫ్‌లో అవే పదాలున్న లైన్ ఇంకొకటి కనపడుతోంది. నేనైనా క్వెరీ వేస్తా. వెనకటిలాగా బాక్స్ పట్టుకెళ్లి టేబుల్ మీద పెట్టి చూపించడానికి లేదు.

కోఠి_కెమెరాలు
దాసు గారూ, మసక పీడీఎఫ్ నేనే పంపా. ఒప్పుకుంటున్నా.

రెండిట్లో డ్యూటీ తేడా లేకపోతే మాత్రం నిజంగా 83తో పోయేదేముంది? మా సీహెచ్‌ఏ వాదన అదే.

సుంకరి_మనవడు
ఇప్పుడు పోదు. తర్వాత పోతుంది.

ఒకసారి 83 అని నువ్వే ఒప్పుకుని మార్చితే అది నీ మాట. తర్వాతి కన్‌సైన్‌మెంట్ 89 వేస్తే "క్రితంసారి 83 అన్నావుగా" అంటారు. 83 అంటే నిఘా ఉన్న కోడ్ కాబట్టి ఎవరికి అమ్ముతున్నావన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. రేపు రెండు కోడ్‌లకీ రేటో, షరతో వేరైతే ఆ భారం కూడా నీదే. ఇప్పటికే తెప్పించుకున్న వాళ్లకైతే ఇంకో చిక్కు, పాత బిల్లులు తవ్వుతారు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 28 కింద మామూలుగా రెండేళ్లు వెనక్కి పోవచ్చు, కావాలని దాచావంటే అయిదేళ్లు. లేని తప్పుని నెత్తినేసుకోవడం ఎందుకు?

డ్యూటీ సంగతికొస్తే, 2019 జూలై బడ్జెట్‌లో సీసీటీవీ, ఐపీ కెమెరాల మీద బేసిక్ డ్యూటీ 15 నుంచి 20 శాతానికి పెంచారు. ఆ 20 పెట్టుకుని చూస్తే వంద రూపాయల సరుకుకి 20, దాని మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 2, మొత్తం 122 మీద ఐజీఎస్‌టీ 18 శాతం అంటే 21.96. వెరసి 43.96. అందులో ఐజీఎస్‌టీ వెనక్కి క్రెడిట్ వస్తుంది, మిగతాది రాదు. నీ లైన్‌కి నోటిఫికేషన్ ఏముందో ఈ రోజు తేదీకి చూసుకునే కట్టు, నా లెక్క పట్టుకుని కాదు.

నల్లమల_నడక
సబ్జెక్టు కొంచెం పక్కకి. అమ్రాబాద్ వైపు పులుల లెక్కకి పెట్టేవి కూడా ఇవే కెమెరాలు. 2018 లెక్కింపులో దేశం మొత్తం 26,838 చోట్ల కెమెరా ట్రాప్‌లు పెట్టారు, 3 కోట్ల 48 లక్షల పైచిలుకు ఫోటోలు వచ్చాయి, గిన్నిస్‌లో ఎక్కింది. అందులో పులులవి 76,651. అంటే మిగతావన్నీ జింకలు, పందులు, ఆవులు, గాలికి ఊగే గడ్డి, కెమెరా ముందు బీడీ కాల్చుకునే మనుషులు. ఒక్కదాంట్లోనూ ఫోటోక్యాథోడ్ ఉండాల్సిన పని లేదు. పులికి చారలు కనపడితే చాలు.

ఇరానీచాయ్_రెండు
ఎండ్ యూజర్ పులి.

ఫోటాన్_పద్మ
83లోకి నిజంగా ఏం వస్తుందో చెప్తే ఆఫీసర్‌కి పంపే జవాబు ఇంకా గట్టిగా ఉంటుంది, మా ల్యాబ్‌లో జరిగింది రాస్తా. మేం ఒక ఇంటెన్సిఫైడ్ సీసీడీ కెమెరా తెప్పించాం. ముందు ఫోటోక్యాథోడ్, మైక్రోఛానెల్ ప్లేట్, ఫాస్ఫర్, ఆ వెనక సీసీడీ చిప్. రాత్రి కాదు, పట్టపగలు లేజర్ ప్రయోగాలకి వాడతాం. గదిలో ట్యూబ్‌లైట్లన్నీ వెలుగుతుంటాయి. అయినా నోట్ ప్రకారం అది "నైట్ విజన్". మీ పంది కెమెరా రాత్రంతా అడవిలో ఉంటుంది, అది నైట్ విజన్ కాదు. నవ్వొచ్చింది నాకు.

దాని పక్కనే ఈఎంసీసీడీ అని ఇంకో కెమెరా ఉంది. అదీ మసక వెలుతురుకే, ధరా అలాంటిదే. కానీ అందులో ఎలక్ట్రాన్లు పెరిగేది చిప్ లోపలే, ఫోటోక్యాథోడ్ లేదు. కాబట్టి 83 కాదు.

సుంకరి_మనవడు
పద్మ గారూ, మీ ఇంటెన్సిఫైడ్ దానికి గేటింగ్ (ఒక్కో బొమ్మకి తెరుచుకునే సమయం) ఎంత? 50 నానోసెకన్లు, అంతకన్నా తక్కువ టైమ్ రిజల్యూషన్ ఉంటే అది మొదటి నోట్ ప్రకారం హైస్పీడ్, 81. వరసలో 81 ముందుంది, 83 దగ్గర "ఇతర" నైట్ విజన్ అని ఉంది. అంటే 81కి పోయింది 83కి రాదు.

ఫోటాన్_పద్మ
అయిదు నానోసెకన్లు. అయ్యో. మేం 83 వేసినట్టు గుర్తు. ఈ థ్రెడ్ నా బాస్ చదవకూడదని కోరుకుంటున్నా.

ఇరానీచాయ్_రెండు
అమ్మా, ఆయన వచ్చింది సాయం అడగడానికి, మీరు ఇరుక్కునేటట్టున్నారు.

దస్తావేజు_దాసు
సెక్షన్ 149 కింద బిల్ ఆఫ్ ఎంట్రీ సవరణ అడగొచ్చు మేడం. సరుకు విడుదలైన నాటికే ఉన్న కాగితాలే ఆధారం కావాలి, క్యాటలాగ్ ఉంటుంది కదా. మీరే వెళ్లి అడగడం వేరు, వాళ్లు పట్టుకోవడం వేరు.

పానెల్_బోర్డు_రాజు
థర్మల్ గురించి ఒక మాట వచ్చింది కాబట్టి. మేం ఫ్యాక్టరీల్లో పానెల్ బోర్డులు, సోలార్ ప్లేట్లు థర్మల్ కెమెరాతో చెక్ చేస్తాం. వేడెక్కిన జాయింట్ తెర మీద తెల్లగా మెరుస్తుంది, పక్కన 94 డిగ్రీలు అని అంకె పడుతుంది. బొమ్మ మాత్రమే చూపిస్తే 89 అని నోట్‌లోనే ఉంది, సరే. డిగ్రీలు కొలిచి చూపించేదాన్ని 9025లోకి, అంటే థర్మామీటర్ల వైపు లాగారు మాకు ఒకసారి. టారిఫ్‌లో 85వ అధ్యాయం ఉన్న సెక్షన్ 16 మొదటి నోట్‌లోనే 90వ అధ్యాయం సరుకులు ఇక్కడికి రావని ఉందట, కాబట్టి ముందు 90 కాదని తేల్చాకే 85 అన్నారు. నాకు ఇప్పటికీ అది కెమెరానా థర్మామీటరా తెలియదు, రెండు పనులకీ వాడుతున్నా.

ఇంకో సంగతి, ఇది నా సొంత దెబ్బ. రిపేరుకని ఒక కెమెరా బయటి దేశానికి పంపబోయా. అప్పుడు తెలిసింది స్కోమెట్ అని ఒక జాబితా ఉందని, సైనికానికీ పనికొచ్చే వస్తువులు దేశం దాటాలంటే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ఆఫీసు) అనుమతి ఉండాలని. సెన్సర్లు, కెమెరాలు ఎనిమిదో కేటగిరీలో ఉన్నాయి. మన దేశం 2017 డిసెంబర్లో ఇలాంటి వస్తువుల ఎగుమతిని అదుపు చేసే దేశాల వాసెనార్ ఒప్పందంలో చేరింది, ఆ జాబితానే ఇది. అందులో చల్లబరచని థర్మల్ రకానికి సెకనుకి 9 ఫ్రేములు ఒక గీత. అందుకే బజార్లో చాలా థర్మల్ కెమెరాలు 9 హెర్ట్జ్ అని కనపడతాయి. నేను అది చవక రకం అనుకునేవాణ్ణి, కావాలని అక్కడ ఆపారట. నాది 30. మూడు నెలలు పట్టింది.

సుంకరి_మనవడు
రాజు గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోండి. హెచ్‌ఎస్ కోడ్ వేరు, స్కోమెట్ వేరు. 89లో ఉన్నంత మాత్రాన ఎగుమతి అనుమతి అక్కర్లేదని కాదు, 83లో ఉన్నంత మాత్రాన తప్పనిసరి అనీ కాదు. అక్కడ చూసేది ఫ్రేములు, పిక్సెళ్లు, ట్యూబ్ స్పెసిఫికేషన్. మన కోఠి ఆయనది దిగుమతి, అడవిపందికి స్కోమెట్ లేదు.

హోల్‌సేల్_బాబూరావు
సరే, కెమెరాల సంగతి ఒప్పుకున్నా. మోనోక్యులర్ల గురించి ఎవరూ మాట్లాడరేం? అవి కూడా పందుల కోసమేనా?

కోఠి_కెమెరాలు
శాంపిల్‌గా తెప్పించా, పక్షులు చూసేవాళ్లు ఇద్దరు అడిగారు. బాబూరావు గారు అడిగాక సప్లయర్‌ని డేటాషీట్ పంపమన్నా. ఇప్పుడు చూస్తే నాలుగూ ఒకటి కాదు! రెండు డిజిటల్, లోపల చిన్న తెర, మెమరీ కార్డు, రికార్డింగ్ ఉంది. మిగతా రెండిటి మీద "జెన్ 1 ట్యూబ్" అని ఉంది. కార్డు లేదు, రికార్డింగ్ లేదు, లెన్స్ మూతకి మధ్యలో సన్న రంధ్రం ఉంది, పగలు మూత తీసి ఆన్ చేయొద్దని ఎర్ర అక్షరాలతో రాశారు.

ఫోటాన్_పద్మ
దొరికింది మీ ఫోటోక్యాథోడ్.

జెన్ 1 అంటే మైక్రోఛానెల్ ప్లేట్ లేని పాత రకం ట్యూబ్, కానీ ఫోటోక్యాథోడ్ ఉంటుంది. ఎండ పడితే పూత పాడవుతుంది, అందుకే మూతకి సూదిమొన రంధ్రం, పగలు ఆ రంధ్రంలోంచి పరీక్ష చేసుకోమని. ఆన్ చేసి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా కీచుమని వినిపిస్తుంది, లోపల వోల్టేజ్ పెంచే సర్క్యూట్ అది. ఆఫ్ చేశాక కూడా ఆకుపచ్చ వెలుగు కాసేపు ఉండి మెల్లగా పోతుంది.

హోల్‌సేల్_బాబూరావు
చెప్పానా. 83 ఉండనే ఉంది డబ్బాలో. ఆఫీసర్ అడిగింది తప్పు కాదు.

సుంకరి_మనవడు
ఆగండి ఆగండి. ట్యూబ్ ఉంది, కానీ కెమెరా ఏది? 83లోకి రావాలంటే ముందు 8525లోకి రావాలి, అంటే టీవీ కెమెరా, డిజిటల్ కెమెరా, వీడియో రికార్డర్ ఏదో ఒకటి అయి ఉండాలి. ఈ రెండిట్లో ఫోటో తీసే భాగం లేదు, సిగ్నల్ బయటికి రాదు. ఐపీస్‌లో కన్ను పెట్టి చూడడమే. అది దూరదర్శిని జాతి. 9005. బైనాక్యులర్ అయితే 9005 10, ఒంటికన్నుది 9005 80. వెలుతురు పెంచే ట్యూబ్ ఉన్న టెలిస్కోపులు అక్కడికే వస్తాయని హెచ్‌ఎస్ వివరణ నోట్లలో ఉంది. రాజు గారు చెప్పిన సెక్షన్ 16 నోటు ఇక్కడ కూడా పనిచేస్తుంది, 90లో ఉన్నది 85లోకి రాదు.

కాబట్టి బాబూరావు గారూ, నైట్ విజన్ అని రాసిన 64 వస్తువుల్లో 83కి ఒక్కటి కూడా పోదు. ఫోటోక్యాథోడ్ ఉన్నవి కెమెరాలు కావు, కెమెరాలకి ఫోటోక్యాథోడ్ లేదు.

హోల్‌సేల్_బాబూరావు
ఇది బాగుంది. పెళ్లికి వచ్చినవాళ్లందరూ అటువైపు చుట్టాలేనట.

దస్తావేజు_దాసు
డిజిటల్ మోనోక్యులర్ల మీద నేను ఒప్పుకోను. అవి కూడా 9005 అనే వాదన ఉంది, కన్ను పెట్టి దూరం చూడడమే కదా వాడకం.

సుంకరి_మనవడు
వాడకం అదే, కానీ చూసేది అద్దాల్లోంచి వచ్చిన వెలుతురు కాదు, తెర మీద బొమ్మ. సెన్సర్, తెర, రికార్డింగ్. నా లెక్కలో డిజిటల్ కెమెరా, 8525 89. మీరు కాదంటే కాదనండి, ఇది గొడవ ఉన్న చోటే.

దస్తావేజు_దాసు
రికార్డింగ్ లేని డిజిటల్ అయితే?

సుంకరి_మనవడు
అప్పుడు నేనూ రాత్రి నిద్రపోను.

కోఠి_పక్కోడు
తుపాకీకి బిగించే రకం మాత్రం తెప్పించకు అన్నా. సైట్లు 9013 10, లైసెన్సుల గొడవ పూర్తిగా వేరు. మా గల్లీలో ఒకాయన సప్లయర్ "ఫ్రీ గిఫ్ట్" అని ఒక మౌంట్ వేసి పంపితే దాని మీద నాలుగు రోజులు వివరణలు ఇచ్చుకున్నాడు. కోడ్ అయ్యాక కూడా అయిపోయిందనుకోకు. వైఫై, బ్లూటూత్ ఉన్న మోడల్ అయితే డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ అనుమతులిచ్చే ప్రభుత్వ విభాగం) ఆమోదం అడుగుతారు. సీసీటీవీ అనుకున్నారంటే బీఐఎస్ (ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్, 2025 ఏప్రిల్ 9 నుంచి సెక్యూరిటీ పరీక్షలు కూడా. ట్రైల్ కెమెరా సీసీటీవీ కాదని ఎందుకంటున్నావో ఒక పేరా ముందే రాసి పెట్టుకో, వైర్ లేదు, నెట్‌వర్క్ లేదు, కార్డులో ఫోటో పడుతుంది అని.

కోఠి_కెమెరాలు
వైఫై లేని మోడలే తెప్పించా, అది అదృష్టం, తెలివి కాదు.

ఇప్పుడు జవాబు ఎలా రాయాలి?

సుంకరి_మనవడు
కోపం లేకుండా, చిన్నగా. మూడు లైన్లు విడదీయమని సవరణ అడుగు: ట్రైల్ కెమెరాలు 60, డిజిటల్ మోనోక్యులర్లు 2, ట్యూబ్ మోనోక్యులర్లు 2. మొదటిదానికి "సీమాస్ సెన్సర్, 940 నానోమీటర్ల ఎల్‌ఈడీ వెలుతురు, ఫోటోక్యాథోడ్ గానీ ఇమేజ్ ఇంటెన్సిఫైయర్ గానీ లేదు" అని రాసి, సబ్‌హెడింగ్ నోట్ 3 మొత్తం దింపి, డేటాషీట్‌లో ఆ లైన్ల కింద గీత గీసి పెట్టు. ట్యూబ్ ఉన్న రెండిటినీ నువ్వే ముందు బయటపెట్టు, వాళ్లకి దొరికేదాకా ఆగకు. సరుకు వివరం తప్పు చెప్పారని సెక్షన్ 111(ఎం) కిందికి పోతే జప్తు, జరిమానా మాటలొస్తాయి. నమ్మకపోతే ఫస్ట్ చెక్ (డ్యూటీ తేల్చకముందే సరుకు తెరిచి చూడడం) చేయమను, చార్టర్డ్ ఇంజనీర్‌తో విప్పి చూపించు. ఈలోగా సెక్షన్ 49 కింద గోడౌన్‌లో పెట్టమని అడిగితే డెమరేజ్ భారం తగ్గొచ్చు, సీహెచ్‌ఏని అడుగు.

అయినా 83 అంటే సెక్షన్ 17(5) కింద రాతపూర్వక ఆర్డర్ అడుగు, పదిహేను రోజుల్లో ఇవ్వాలి. దాని మీద అరవై రోజుల్లో అప్పీలు.

పానెల్_బోర్డు_రాజు
ప్రతి నెలా తెప్పించే ఆలోచన ఉంటే అడ్వాన్స్ రూలింగ్ (ఏ కోడో ముందే అధికారికంగా చెప్పించుకోవడం) కూడా చూసుకోండి. ఫీజు పదివేలు, మూడు నెలల్లో చెప్పాలి, మూడేళ్లు పనిచేస్తుంది. మీ ఒక్కరికే వర్తిస్తుంది, పక్క షాపాయన చూపిస్తే కుదరదు.

కోఠి_పక్కోడు
ఛ.

కోఠి_కెమెరాలు
అప్‌డేట్. తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నా, క్షమించాలి, కూర్చోవడానికి తీరిక దొరకలేదు.

జవాబు మీరు చెప్పినట్టే పంపా. ఫస్ట్ చెక్ వేశారు. నేను కూడా వెళ్లా. పరీక్షకి వచ్చినాయన ఒక ట్రైల్ కెమెరా విప్పించాడు, నాలుగు స్క్రూలు, లోపల గోరంత సెన్సర్, ఎల్‌ఈడీల పలక, బ్యాటరీల గూడు. ఫోన్ సెల్ఫీ కెమెరాలో చుక్కలు చూపిస్తే ఆయనే నవ్వి, మా ఇంట్లో సీసీటీవీ కూడా ఇంతే కదయ్యా అన్నాడు. తర్వాత ట్యూబ్‌ది మూత పెట్టి ఆన్ చేశా. ఆ కీచుమనే శబ్దం వినగానే పక్కనున్న అతను చెవి దగ్గర పెట్టుకుని ఇది బతికుందా అన్నాడు. రిపోర్ట్‌లో రెండూ వేర్వేరు పద్ధతులని రాశారు.

60 కెమెరాలు 89లో బయటికొచ్చాయి. ట్యూబ్ రెండూ 9005 80లో వచ్చాయి. వివరణ తప్పు రాసినందుకు చిన్న పెనాల్టీ కట్టా, వాదించలేదు, అది నా తప్పే. డిజిటల్ రెండూ ఇంకా లోపలే. వాటి మీద కొత్త క్వెరీ, రికార్డింగ్ చేస్తుందా చేయదా అని.

దస్తావేజు_దాసు
చెప్పానా.

సుంకరి_మనవడు
చేస్తుందని డేటాషీట్‌లో ఉంది కదా, పేజీ నంబర్ రాసి పంపు.

హోల్‌సేల్_బాబూరావు
డెమరేజ్ ఎంతయింది?

కోఠి_కెమెరాలు
అది అడగొద్దు బాబూరావు గారూ. ఇంట్లో వాళ్లకి కూడా చెప్పలేదు.

తర్వాతి ఆర్డర్‌కి సప్లయర్‌కి ఫోన్ చేసి నైట్ విజన్ అన్న మాట ఇన్వాయిస్‌లో గానీ క్యాటలాగ్‌లో గానీ ఎక్కడా రాయొద్దని గట్టిగా చెప్పా. అర్థమైందన్నాడు. పొద్దున ప్రొఫార్మా (ముందస్తు ఇన్వాయిస్) పంపాడు. "మిలిటరీ గ్రేడ్ హంటింగ్ కెమెరా" అని పెట్టాడు.

ఇరానీచాయ్_రెండు
అన్నా, అది నైట్ విజనే నయం.